వెయ్యి నంబరు సానరాయి

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే మనిషికి కాస్త జుట్టయినా నెరిసి ఉండాలి. నాకింకా ముప్పై నిండలేదు. నేను చెప్పబోయే రోజుల్లో ఎల్బీనగర్‌కి మెట్రో కూడా వచ్చేసింది. అయినా ‘ఆ రోజుల్లో’ అనే అంటాను. ఎందుకంటే అప్పటి నన్ను తలుచుకుంటే, నాకు బొత్తిగా గిట్టని దూరపు చుట్టాన్నెవరినో తలుచుకున్నట్టుంటుంది. ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తయింది (మూడు సబ్జెక్టులు రెండోసారి రాస్తే గానీ గట్టెక్కలేదన్నది ఇంట్లో వాళ్లకి అనవసరం), ఉద్యోగం రాలేదు, చేతిలో ఫోన్ ఉంది. ఈ మూడూ ఒకచోట కలిసిన మగాడికన్నా ప్రమాదకరమైన ప్రాణి దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా వెతికినా దొరకదు. పొద్దున లేస్తే వీడియోలే. బావిలో పూడిక ఎలా తీయాలో, విమానం రెక్క ఎందుకు వంగుతుందో, జపాన్‌లో వంటవాళ్లు కత్తులు ఎలా నూరతారో అన్నీ చూసేవాణ్ని. చూసిందల్లా వచ్చేసినట్టే లెక్క. చేసి చూడడమనేది చదువు అబ్బని వాళ్ల పని అని నా గట్టి నమ్మకం.

ఉద్యోగం వచ్చేదాకా అని అమ్మ నన్ను తన తమ్ముడి ఇంటికి పంపింది. మా మామ నల్లగొండ దగ్గరి మా ఊరి నుంచి ఇరవై ఏళ్ల వయసులో వచ్చి, మన్సూరాబాద్‌లో ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని వడ్రంగం చేస్తున్నాడు. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. నన్ను ‘ఇంజనీర్ సాబ్’ అని పిలిచేవాడు. అది మర్యాదో వెక్కిరింపో తేల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది (రెండోదే). మా అత్త కూడా వడ్రంగి ఇంటి బిడ్డే, ఉలుల మధ్యనే నడక నేర్చుకున్న మనిషి. కానీ ఆవిడ చదివింది ఏడో తరగతి, నేనేమో బీటెక్. అంచేత ఆవిడ మాటలు నా చెవి దాకా వచ్చి, లోపలికి అనుమతి దొరక్క బయటి నుంచే వెనక్కి వెళ్లిపోయేవి.

మామకి ఒక సానరాయి ఉండేది. పని నేర్పిన గురువు ఇచ్చింది. ముప్పై ఏళ్లు నూనె తాగి నల్లబడి, మధ్యలో అరిగి కాస్త గుంట పడి ఉండేది. నేను ఆ షెడ్డులో చేసిన మొట్టమొదటి ఘనకార్యం ఆ రాయిని పిట్టగోడ మీద నిలబెట్టి, దానికి నా ఫోన్ ఆనించి, సానరాళ్లను జాగ్రత్తగా ఎలా కాపాడుకోవాలో చెప్పే వీడియో చూడడం. మోచెయ్యి తగిలింది. రెండూ కింద పడ్డాయి. ఫోన్‌కి గీత కూడా పడలేదు. రాయి నాలుగు ముక్కలైంది. నేను ముందు వంగి తీసుకున్నది ఫోన్‌నే అని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మామ ఆ ముక్కలు ఏరి ఒక పాత గుడ్డలో చుట్టి, “పోయింది తియ్” అన్నాడు. అంతే. అత్త మాత్రం ఊరుకోలేదు. “ముప్పై ఏండ్ల రాయి రా అది. నీ ఫోన్‌కు ఆసరా పెట్టనీకి ఇండ్ల ఇంకేం దొరకలేదా?” అంది.

“గుంతవడ్డ రాయి మీద పదును సక్కగ రాదత్తా. అది ఎప్పుడో మార్చేదుండె” అన్నాను నేను. రాయి పగలగొట్టి ఆ కుటుంబానికి మేలే చేశానన్నట్టు.

“ఔ మల్ల. గా గుంతవడ్డ రాయి మీదనే మీ మామ గిన్నేండ్లు బతికిండు” అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను, కొత్త రాయి తెచ్చి నా పరువు నిలబెట్టుకుందామని. ఫుట్‌పాత్ మీద నీలం పట్టా పరిచి, చాకులు, టీ జాలీలు, చెక్కు తీసే పీలర్లు అమ్ముకుంటున్న ఒక పెద్దావిడ దగ్గర సానరాళ్లు కనిపించాయి. ఒక వైపు తెల్లటి బూడిద రంగు. రెండో వైపు నల్లగా. పైన ఏమీ రాసి లేదు. ఏ కంపెనీదో తెలియదు, ఎంత గరుకో తెలియదు. వీడియోల్లో ప్రతి రాయికీ ఒక నంబరు ఉంటుంది. చిన్న నంబరైతే గరుకు, పెద్ద నంబరైతే నునుపు. నంబరు లేని రాయి నా దృష్టిలో పేరు లేని మనిషి. అందుకని చాలా హుందాగా అడిగాను: “ఎంత నంబరిది? నాలుగు వందలా, వెయ్యా?”

“వెయ్యేంది బిడ్డా!” అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. “నూటిర్వైకి తీస్కపో.”

“రేటు కాదమ్మా. గరుకు ఎంతని అడుగుతున్న.”

“అట్ల చెప్పు. తెల్ల దిక్కు గరుకు, నల్ల దిక్కు నున్నగ. గంతే.”

“నీకెట్ల తెలుసు?”

“గోరు వెట్టి గీకు. నీకు గూడ తెలుస్తది.”

నేను జాలిగా నవ్వాను. రోజుకి పాతిక రాళ్లు అమ్మే మనిషికి రాళ్ల గురించి తెలిసే అవకాశం లేదని నాకు అప్పుడు ఎలా అనిపించిందో, ఆ తర్కం ఏ కాలేజీలో నేర్చుకున్నానో, ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.

ఇంటికి తెచ్చాక అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూనే చెయ్యి చాపింది. రెండు వైపులా బొటనవేలి గోరు అడ్డంగా లాగింది. “తెల్లది గరుకు, మొద్దుబారినయి దాని మీద. ఆఖరికి పదును నల్ల దాని మీద” అని రాయి నా చేతిలో పెట్టి మళ్లీ బియ్యం ఏరుకోసాగింది. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. మామూలు మనిషైతే అక్కడితో ఆగిపోయేవాడు. నాకు మాత్రం, చదువుకోని ఇద్దరు ఆడవాళ్లు ఒకే మాట చెప్పారంటే అది తప్పకుండా మూఢనమ్మకమే అయి ఉంటుందనిపించింది.

ఇక నా పరిశోధన మొదలైంది. హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి ఐదు రకాల గరుకు కాగితాలు తెచ్చాను, వెనక నంబర్లు ముద్రించి ఉన్నవి. వాటిని వరసగా నేల మీద పరిచి, కళ్లు మూసుకుని, ఒకసారి కాగితం మీద, ఒకసారి రాయి మీద వేలు పెట్టి పోల్చాను. తెల్లవైపు వేలికి జారిపోతోంది, గాజులా నున్నగా ఉంది. నల్లవైపు గరగరలాడుతోంది. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి ఫొటోలు తీశాను. తెల్లవైపు మెరుస్తోంది, నల్లవైపు మెరవడం లేదు. మెరిసేది నునుపు కాక మరేమిటి? పట్టిక గీశాను. సగటు తీశాను (దేనికి సగటో అడగకండి). చివరికి ఒక నల్ల మార్కర్ పెన్నుతో రాయి పక్కన, తెల్లవైపుకి బాణం గుర్తు వేసి ‘1000’ అని, నల్లవైపుకి ‘200’ అని రాశాను. కింద నా సంతకం పెట్టలేదంటే అందుకు కారణం వినయం కాదు, చోటు చాలకపోవడం.

ఆ నంబర్లు చూసిన మామ కళ్లలో గౌరవం కనిపించింది. నన్ను ఇప్పటికీ గుచ్చేది అదే. తను పెద్దగా చదువుకోలేదు కాబట్టి, రాసి ఉన్నదానికి ఆయన తల వంచేవాడు. “వెయ్యి నంబరా! మంచిదే తెచ్చినవ్” అని రాయిని ఒకసారి చేత్తో తూచి, “సరే, సోమవారానికి చెక్కడం ఉలులు ఏడున్నయి. జర పదును వెట్టుకొని ఎల్బీనగర్ వట్టుకరా, ఇంజనీర్ సాబ్” అన్నాడు. ఆ పూట ఆ పిలుపులో వెక్కిరింపు లేదు. ఉంటే బాగుండేది.

ఎల్బీనగర్‌లో పని ఎవరిదంటే, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రిటైరైన టీచరమ్మది. కొత్త ఇల్లు కట్టుకున్నారు. శుక్రవారం గృహప్రవేశం. దేవుడి గదికి మామ టేకు తలుపులు చేసి బిగించేశాడు కూడా. తలుపులు చూసి ఆవిడ మురిసిపోయి, మురిపెం ఎక్కువై, “మధ్యలో ఒక పద్మం కూడా ఉంటే ఎంత నిండుగా ఉండేదోనండీ” అన్నారు. మామకి ‘కాదు’ అనడం రాదు. ‘చూద్దాం’ అని కూడా అనలేదు. “చేస్తనమ్మా” అన్నాడు. బిగించిన తలుపు మీద, మూడు నాలుగు రోజుల్లో, ఎనిమిది రేకుల పద్మం. పైగా ఆ పని నచ్చితే హయత్‌నగర్‌లో కడుతున్న తమ్ముడి ఇంటి తలుపులన్నీ మామకే చెప్తానని టీచరమ్మ మాటిచ్చారు. ఆ సంవత్సరం జనమంతా అంగడిలో దొరికే రెడీమేడ్ తలుపుల వైపు మళ్లారు, టీచరమ్మ తలుపులు తప్ప మామ షెడ్డుకి నెల రోజులుగా వేరే పని రాలేదు. ఆ పద్మం మీద ఎంత ఆధారపడి ఉందో ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క నాకు తప్ప.

ఆదివారం పొద్దున ఏడు ఉలులూ ముందేసుకుని కూర్చున్నాను. తెల్లవైపు నూనె రాసి, జపాన్ పెద్దమనిషిలా నడుం నిటారుగా పెట్టి మొదలుపెట్టాను. మొదటి ఉలి చప్పుడు లేకుండా జారింది. రెండోది కూడా. మూడో దానికి ‘గర్ర్’ మని చప్పుడు మొదలైంది. రాయి ఇప్పుడే దారిలో పడుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. వంటింట్లోంచి అత్త అరిచింది: “ఏందిరా గా సప్పుడు? ఆఖరి పదునుకు గంత సప్పుడు రావద్దు!” నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఏడు ఉలులూ అయ్యేదాకా తీయలేదు. చివర చేతి మీద వెంట్రుకలు గీసి చూస్తే తెగాయి కూడా. ఇంకేం కావాలి?

సోమవారం నేను ఉలుల సంచితో, అందులోనే నా రాయితో (చూపించుకోవాలి కదా) ఎల్బీనగర్ చేరేసరికి మామ తలుపు మీద పెన్సిల్‌తో పద్మం గీసి సిద్ధంగా ఉన్నాడు. టీచరమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, రేకులు ఎనిమిదే ఎందుకు, పదహారు ఉండకూడదా అని అడుగుతున్నారు. మామ ఆవిడకి జవాబు చెబుతూనే ఉలి అంచు బొటనవేలితో తడిమి చూశాడు. గరుకు రాయి మీద నూరిన అంచు రంపంలాగా వేలికి పట్టుకుంటుంది, పదునుగానే ఉన్నట్టు మోసం చేస్తుంది. ఆయనొక్క క్షణం ఆగాడు. తర్వాత నా వైపు చూసి, వెయ్యి నంబరు గుర్తొచ్చిందేమో, సరే అనుకుని రేకు కొస మీద ఉలి పెట్టి సుత్తితో తట్టాడు.

చర్‌మంది. గుడ్డ చిరిగిన చప్పుడు. రేకు కొస తెగలేదు, పీచు పీచుగా లేచి, అంగుళం మేర ఊడి వచ్చేసింది.

మామ ఉలిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో అంచు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. టీచరమ్మ లేచి వచ్చి కళ్లజోడు సర్దుకున్నారు. “ఇదేంటండీ, ఇలా లేచిపోయింది? ఏమైంది?”

“నా చెయ్యి జారిందమ్మా” అన్నాడు మామ.

“అయ్యో, మీ చెయ్యి జారదని అందరూ అంటేనే కదా మిమ్మల్ని పిలిచింది!” అన్నారావిడ. తిట్టలేదు, విసుక్కోలేదు. కానీ ఆ మాటతో పాటే హయత్‌నగర్ తలుపులు కూడా కొంచెం దూరం జరిగినట్టు నాకే తెలిసిపోయింది. ముప్పై ఏళ్లలో ఎవరితోనూ మాట పడని చెయ్యి. ఆ చెయ్యి జారలేదని చెప్పడానికి ఆ గదిలో సాక్షిని నేనొక్కణ్నే. నేనేం చేశానంటారా? నేల మీది టైల్స్ ఎంత చక్కగా అతికించారో పరిశీలిస్తూ నిలబడ్డాను.

మామ అత్తకి ఫోన్ చేశాడు. షేర్ ఆటోలో అరగంటలో వచ్చింది. టీచరమ్మ అప్పుడు పెరట్లో పెయింటర్లతో మాట్లాడుతున్నారు. వచ్చీ రాగానే చిరిగిన రేకు చూసి పెదవి విరిచింది, సంచిలోంచి రాయి తీసింది, నా నంబర్లు చూసింది.

“గిదెవరు రాసిన్రు?”

“నేనే.”

“నంబరు రాసినవ్, మంచిదే. రాయికి చెప్పినవా మరి?”

మామ మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వాపుకోవడానికని తర్వాత తెలిసింది. అత్త రాయి రెండు వైపులా చెరొక నూనె చుక్క వేసింది. తెల్లవైపు చుక్క చూస్తుండగానే ఇంకిపోయింది. నల్లవైపు చుక్క అలాగే నిలబడింది. “గరుకు దాంట్ల సందులు పెద్దగుంటయి, ఎంబటే తాగుతది. నున్నది తాపీగ తాగుతది” అంది. తర్వాత ఇంటి నుంచి తెచ్చిన పాత చాకు ఒక వైపు రెండుసార్లు, రెండో వైపు రెండుసార్లు రుద్ది నా కళ్ల ముందు పెట్టింది. తెల్లవైపు రుద్దినచోట ఇనుము మీద లోతైన గీతలు, దువ్వెన పెట్టి దువ్వినట్టు. నల్లవైపు రుద్దినచోట మబ్బుపట్టినట్టు మసక, అంతే.

“మరి మొదలు చేత్తో వట్టి చూస్తే తెల్లదే నున్నగుండె గదత్తా!”

“కొత్త రాయికి గరుకు దిక్కున మైనం లెక్క ఏదో పూస్తరు రా, వేలుకు తెల్వది, గోరుకు తెలుస్తది. మూడు సార్లు రుద్దితే పోతది. నువ్వు ఇంతసేపు నంబరు వెట్టింది రాయికి గాదు, మైనానికి.” ఆవిడ కొంగు నడుంలో దోపుకుని కింద కూర్చుంది. “రాయి మంచిదే. చూసినోడే గరుకు.”

ఆ మధ్యాహ్నం రెండున్నర గంటల పాటు మా అత్త ఏడు ఉలులూ నల్లవైపు మీద నూరింది. చప్పుడే లేదు, దూరంగా ఎవరో పేపరు తిప్పుతున్నట్టు చిన్న సవ్వడి. ఆఖర్న మామ పాత తోలు బెల్టు కిటికీ ఊచకి కట్టి దాని మీద అంచులు లాగింది. టీచరమ్మ పెరట్లోంచి తిరిగొచ్చి, కుర్చీ ఇటు తిప్పుకుని ఆ పనంతా చూశారు. నేను నీళ్లు అందించాను. ఆ రోజు నాకు అప్పగించిన అత్యున్నత బాధ్యత అదే.

చిరిగిన రేకుని కప్పడానికి మామకి ఒకటే దారి. పద్మం మొత్తాన్ని అర వేలి మందం లోతుకి దించి మళ్లీ చెక్కడం. ఎనిమిది రేకులూ, మధ్యలో దుద్దూ, అన్నీ. సోమవారం సాయంత్రం మొదలుపెట్టాడు. మంగళవారమంతా వంచిన మెడ ఎత్తలేదు. నేను పక్కన కూర్చుని చెక్క పొట్టు ఊదాను. టీచరమ్మ మధ్యమధ్యలో వచ్చి, “మళ్లీ జారదు కదండీ?” అని అడిగేవారు. అడిగినప్పుడల్లా మామ “జారదమ్మా” అనేవాడు. ప్రతిసారీ నేను పొట్టు లేని చోట కూడా ఊదేవాణ్ని. బుధవారం మధ్యాహ్నం ఇక తట్టుకోలేక, మామ చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆవిడ ముందుకెళ్లి నిలబడ్డాను.

“అమ్మా, మామ చెయ్యి జారలేదండీ. ఉలులు నేను నూరిన. రాయి తప్పు దిక్కు పట్టిన.”

ఆవిడ నన్ను పై నుంచి కిందకి చూశారు. తరగతిలో ఆఖరి బెంచీ వాణ్ని చూసే చూపు. “ఏం చదివావబ్బాయ్?”

“బీటెక్ మెకానికలండీ.”

“అందులో ఇవి చెప్పరా?”

“చెప్పిన్రండీ. సాన చక్రాలు, గరుకు నంబర్లు, అన్నీ ఉన్నయి.”

“మరి?”

“పరీక్షల రాసిన్నండీ.”

ఆవిడకి నవ్వు వచ్చింది గానీ దాన్ని బయటికి రానివ్వలేదు. “సోమవారం జరిగితే బుధవారం చెబుతున్నావా? ఈ రెండు రోజులూ ఆ మనిషిని నేను జారదు కదా, జారదు కదా అని అడుగుతూ ఉంటే పక్కనే కూర్చుని విన్నావా?” అన్నారు. నేను వంగి తలుపు కింద పడ్డ పొట్టు ఏరడం మొదలుపెట్టాను.

విషయం తెలిసి మామ నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన ఆ రోజు చూపించినంత కోపం నేనెప్పుడూ చూడలేదు. “నిన్నెవరు చెప్పమన్నరు? నా చెయ్యి జారిందంటే ఒక్క రేకుతోని పోతది. నా మేనల్లునికి పని రాదని ఎల్బీనగర్ దాంక సాటింపు జెయ్యాల్నా?” అన్నాడు. నా పరువు కోసం ఆయన తన పరువు తీసి పక్కన పెట్టాడని అప్పుడు గానీ నాకు వెలగలేదు. పక్కన అత్త, “ఎల్బీనగర్ దాంక ఎందుకు, మన్సూరాబాద్‌ల అందరికీ నేనే చెప్పిన” అని తేలిగ్గా అనేసింది.

శుక్రవారం గృహప్రవేశానికి మమ్మల్ని ముగ్గురినీ పిలిచారు. పద్మం తలుపులోకి లోతుగా దిగి, పైన నీడ పడి, మామ మొదట అనుకున్నదానికన్నా అందంగా వచ్చింది (అందుకు కారణం నేనే అని అంటే అత్త నా విస్తట్లో అప్పడం తీసేసుకుంది). వచ్చిన ఆడవాళ్లంతా రేకుల మీద వేలు పెట్టి చూశారు. టీచరమ్మ తన తమ్ముణ్ని తీసుకొచ్చి మామ ముందు నిలబెట్టి, “ఈయన చెయ్యి జారదు. ఒకవేళ జారిందని ఆయన చెప్పినా నువ్వు నమ్మొద్దు” అన్నారు. మామ తల వంచుకుని పులిహోర కలుపుకున్నాడు. అప్పటికే కలిపి ఉన్న పులిహోరని.

నాకు ఆ ఏడాదే ఒక చిన్న ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసే ఉద్యోగం దొరికింది. ఇప్పటికీ అదే పని. ముక్క చేతికిచ్చి ఇది బాగుందా లేదా అని అడుగుతారు. మొన్నొక కొత్త ఇంజనీరు, నిండా ఇరవై రెండేళ్లు లేవు, ముక్కని దూరం నుంచే చూసి టకటకా కొలతలు చెప్పేశాడు. వాడి మీద ఎంత వెటకారం చెయ్యాలో అంతా నోటి దాకా వచ్చింది. కానీ వాడి మొహంలో ఆ వెలుగు, ఆ ధీమా చూసి ఎందుకో నవ్వొచ్చి ఊరుకున్నాను. నన్ను అడిగితే ఇప్పుడు నేను ‘చూసి చెప్తా’ అంటాను. ఉన్నవి రెండే మాటలు. ఆ రోజుల్లో నా పేరు పెట్టుకుని తిరిగిన ఆ కుర్రాడికి ఆ రెండు మాటలే రావు. పాపం, వాడికి మిగతావన్నీ వచ్చు.